డీఐపీలో విరిసే ప్రిమ్‌రోజ్ చుట్టం: చూసి గుర్తుపట్టడం ఎలా?

ఎడారి దేశంలో అడవి పూలు ఎక్కడుంటాయి అని మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఉంటాయండీ. నీటి బొట్టు పడే చోటల్లా ఉంటాయి. మేముండే దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, అంటే మనందరం డీఐపీ అని పిలుచుకునే చోట, ఒకవైపు గోదాములు, ఫ్యాక్టరీలు ఉంటే మరోవైపు అపార్ట్‌మెంట్లు, చెట్లు, నడకదారులు ఉన్నాయి. ఆ చెట్ల మొదళ్లలో నల్లటి డ్రిప్ పైపులు పరిచి ఉంటాయి కదా, డిసెంబరు వచ్చిందంటే ఆ పైపుల వెంబడి ఎవరూ నాటని మొక్కలు బోలెడు మొలుస్తాయి. తోటమాలి పీకి పారేసేలోపు వాటిలో కొన్ని పూస్తాయి కూడా. వాటిలో ఒకటి ప్రిమ్‌రోజ్ కుటుంబానికి చెందిన చిన్న నీలి పువ్వు.

నేను బీఎస్సీ బీజెడ్‌సీ చదివాను. పెళ్లయ్యాక ఉద్యోగం చేయలేదు కానీ మొక్క కనబడితే ఆగి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఈ పువ్వు గురించి రాయడానికి ఒక కారణం ఉంది. చలికాలంలో మన ఇళ్లకు ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తారు. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు పాదుల్లో కనిపించే ఆకును చూసి ఇది మన కూరే కదా అనుకుంటారు. ఆ పోలిక ఎక్కడ నిజమో, ఎక్కడ ప్రమాదమో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

ప్రిమ్‌రోజ్ కుటుంబం అంటే ఏమిటి?

లాటిన్‌లో ప్రిమస్ అంటే మొదటిది. ఐరోపాలో మంచు కరగగానే ముందుగా పూసే పువ్వుల్లో ఒకటి కాబట్టి ప్రిమ్యులా అనే పేరు వచ్చింది. దాని పేరు మీదే కుటుంబానికి ప్రిమ్యులేసీ అని పేరు. మేం చదువుకున్న రోజుల్లో ఇది చిన్న మొక్కల కుటుంబం. 2009లో వచ్చిన కొత్త వర్గీకరణలో, డీఎన్ఏ ఆధారంగా, అంతకుముందు వేరుగా ఉన్న కొన్ని చెట్ల కుటుంబాలను కూడా ఇందులో కలిపేశారు. అందుకే ఇప్పుడు ఇందులో అంగుళం ఎత్తు కలుపు మొక్కలూ ఉన్నాయి, సముద్రపు ఒడ్డున పెరిగే చెట్లూ ఉన్నాయి.

ఈ కుటుంబాన్ని పట్టించే అసలు గుర్తు పువ్వు లోపల ఉంటుంది. మీ బాల్కనీలో టమాటా, మిరప, వంగ మొక్కల్లో ఏదైనా ఉంటే దాని పువ్వును దగ్గరగా చూడండి. అయిదు రేకులు, అయిదు కేసరాలు ఉంటాయి. ఒక్కో కేసరం రెండు రేకుల మధ్య ఉన్న సందుకు ఎదురుగా నిలబడుతుంది. చాలా పూలలో ఇదే పద్ధతి. ప్రిమ్‌రోజ్ కుటుంబంలో మాత్రం కేసరం సందులో నిలబడదు, సరిగ్గా రేకు నడిమికి ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు వీటి పూర్వీకులకు రెండు వరుసల కేసరాలు ఉండేవనీ, సందుల్లో ఉండాల్సిన బయటి వరుస కాలక్రమంలో పోయి లోపలి వరుసే మిగిలిందనీ శాస్త్రవేత్తలు చెబుతారు. ద్రాక్ష కుటుంబంలో కూడా కేసరాలు ఇలాగే ఉంటాయి కనుక ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. మరో రెండు చూడాలి. మొదటిది, రేకులు విడివిడిగా కనిపించినా అడుగున కలిసి ఉంటాయి. పువ్వు రాలితే అయిదు రేకులూ కలిసి ఒకే ముక్కగా ఊడి వస్తాయి. రెండోది, కాయను అడ్డంగా కోస్తే గదులు, గోడలు ఉండవు. నడుమ ఒక చిన్న గుండ్రటి దిమ్మ, దాని చుట్టూ గింజలు అతుక్కుని ఉంటాయి.

మన వీధిలోని నీలి పువ్వు

డీఐపీలో కనిపించే మొక్క పేరు లైసిమాకియా ఆర్వెన్సిస్. 1753లో లినేయస్ పెట్టిన పేరు అనాగాలిస్ ఆర్వెన్సిస్. 2009లో దాన్ని లైసిమాకియా ప్రజాతిలోకి మార్చారు. పాత పుస్తకాల్లో, కొన్ని ఫోన్ యాప్‌లలో ఇంకా పాత పేరే ఉంటుంది, కంగారు పడొద్దు. ఇంగ్లీషులో పింపర్నెల్ అంటారు. ఉత్తర భారతంలో గోధుమ చేలల్లో చలికాలపు కలుపు మొక్కగా అందరికీ తెలిసినదే, హిందీలో కృష్ణనీల్ అంటారు. నీలగిరుల్లో, ఊటీ వైపు వెళ్లినవాళ్లు కూడా దీన్ని చూసే ఉంటారు.

గుర్తుపట్టడానికి వరుసగా ఇవి చూడండి.

కాండం: వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పండి. గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలు తగులుతాయి. తులసి కాడ తిప్పినప్పుడు ఎలా ఉంటుందో అలా. మొక్క జానెడు ఎత్తు లేస్తుంది లేదా నేల మీద పాకుతుంది.

ఆకులు: ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఆకుకు కాడ ఉండదు, నేరుగా కాండానికి అతుక్కుని ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం, కొన సన్నగా ఉంటుంది.

ఆకు అడుగు భాగం: ఇది ముఖ్యం. ఆకును తిరగేసి వెలుతురులో పెడితే సూదిమొనతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు కనిపిస్తాయి. అవి చిన్న గ్రంథులు. పువ్వు లేని రోజుల్లో కూడా మొక్కను పట్టించే గుర్తు ఇదే.

పువ్వు: ఆకు మొదట్లోంచి పొడుగాటి సన్నని కాడ వస్తుంది, దాని చివర ఒక్కటే పువ్వు. గుత్తులు ఉండవు. వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. ముదురు నీలం, నడుమ వంకాయ రంగు వలయం. పసుపు పుప్పొడి తిత్తులు, వాటి కాడల మీద ఊదా రంగు సన్నని నూగు. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే ఆ నూగు ఎంత బాగుంటుందో చెప్పలేను.

కాయ: పువ్వు అయిపోయాక కాడ కిందికి వంగిపోతుంది. చివర బఠాణీ గింజకన్నా చిన్నగా గుండ్రటి కాయ వేలాడుతుంది. ఎండాక అది నిలువునా పగలదు. నడుముకు గీత గీసినట్టు అడ్డంగా తెగి, పై సగం కుంకుమ భరిణె మూతలా ఊడిపోతుంది. తోటకూర కాయ కూడా ఇలాగే తెరుచుకుంటుంది, గమనించి ఉంటారు.

ఈ అయిదూ కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పిల్లలకు ఎందుకు కనిపించదు?

ఈ పువ్వుకు సొంత టైం టేబుల్ ఉంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఎండ తగిలాక విప్పుకుంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా ముడుచుకుంటుంది. మబ్బు పడితే, గాలిలో తేమ పెరిగితే పగలు కూడా మూసుకుంటుంది. అందుకే ఇంగ్లండ్ పల్లెల్లో దీన్ని పేదవాడి వాతావరణ యంత్రం అనేవారు.

మన పిల్లలు ఏడు గంటలకే స్కూల్ బస్సు ఎక్కేస్తారు, తిరిగొచ్చేసరికి మూడు దాటుతుంది. వాళ్లు వెళ్లేటప్పుడూ పువ్వు నిద్రలోనే ఉంటుంది, వచ్చేటప్పుడూ నిద్రలోనే. వారం పొడుగునా దాని పక్క నుంచే నడిచినా చూడలేరు. చూపించాలంటే శనివారం లేదా ఆదివారం పదింటికి కిందికి తీసుకెళ్లండి. సాయంత్రం నడకకు వెళ్లే పెద్దవాళ్లకూ ఇదే సమస్య. వాళ్లకు కనిపించేది పువ్వు లేని పచ్చటి ఆకు మాత్రమే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నీలం ఎందుకు, ఎరుపు ఎందుకు?

ఇదే మొక్క బ్రిటన్‌లో ఎక్కువగా ఇటుక ఎరుపు రంగులో పూస్తుంది. బారొనెస్ ఆర్జీ 1905లో రాసిన స్కార్లెట్ పింపర్నెల్ నవలలో కథానాయకుడి రహస్య గుర్తు ఆ ఎర్ర పువ్వే. నేను ఇక్కడ చూసినవన్నీ నీలివే. ఎర్ర రేకుల్లో పెలార్గొనిడిన్, నీలి రేకుల్లో మాల్విడిన్ అనే వర్ణకాలు ఉంటాయి. మధ్యధరా ప్రాంతంలో చేసిన పరిశీలనల్లో, ఎండ ఎక్కువై నేల పొడిగా ఉండే చోట్ల నీలి రకం, చల్లటి ప్రాంతాల్లో ఎర్ర రకం ఎక్కువగా కనిపించాయి. కాబట్టి లండన్‌లో ఉన్న మీ చెల్లెలు ఎర్ర పువ్వు ఫొటో పంపితే, మీరు నీలి పువ్వు ఫొటో పంపితే, ఇద్దరివీ దగ్గరి చుట్టాలే. రంగు చూసి మాత్రం వేరు మొక్కలని తేల్చేయకండి.

దేన్ని చూసి పొరబడతాం?

మొన్న ఫిబ్రవరిలో మా బిల్డింగ్‌లో ఉండే ఒక అమ్మాయి వాళ్ల అమ్మగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. నడకదారి పక్కన ఆకు కోసి పైట కొంగులో వేసుకుంటున్నారు. "పిన్నిగారూ, ఏం కోస్తున్నారు?" అన్నాను. "గంగవాయిల కూర బిడ్డా, పప్పుల ఏస్తే మంచిగుంటది. ఈడ దుకాణంల ఇంత కట్టకు ఎంత తీస్కుంటున్నరో చూసినవా?" అన్నారు. కొంగు విప్పి చూస్తే ముప్పాతిక భాగం నిజంగా గంగవాయిలే. మిగతా దాంట్లో రెండు వేరే మొక్కలు కలిసి ఉన్నాయి. ఒకటి మన నీలి పువ్వు మొక్క, ఇంకోటి పాల మొక్క. ఆమెకు కూర తెలియక కాదు. పొలంలో అయితే ఆమె చేయి తప్పు మొక్క మీద పడేదే కాదు. ఇక్కడ అన్నీ ఒకే పాదులో అల్లుకుని మొలుస్తాయి, పైగా సాయంత్రం వెలుతురు తక్కువ. ఇద్దరం బెంచీ మీద కూర్చుని ఒక్కో రెమ్మా వేరు చేశాం. తేడాలు ఇవీ.

గంగవాయిల కూర, మీలో కొందరు పావిలి కూర అనేది: ఆకు మందంగా, నీరు పట్టినట్టు ఉంటుంది, నొక్కితే చితుకుతుంది. కాడ గుండ్రంగా, నున్నగా, తరచు ఎర్రగా ఉంటుంది. పువ్వు పసుపు, రెమ్మ కొనలో కాడ లేకుండా కూర్చుని ఉంటుంది. నీలి పువ్వు మొక్క ఆకు పల్చన, కాండం పలకలు, ఆకు కింద చుక్కలు.

పాల మొక్క, అంటే నేల మీద పరుచుకునే నానబాలు జాతి: తుంచగానే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కళ్లలో పడితే మంట పుడుతుంది. పాలు కారితే అది గంగవాయిలు కాదు, పింపర్నెల్ కూడా కాదు.

చిక్‌వీడ్: పువ్వు లేనప్పుడు పింపర్నెల్‌తో బాగా కలిసిపోయేది ఇదే. దీని కాడ గుండ్రం, ఒక పక్కన మాత్రమే సన్నటి నూగు గీతలా ఉంటుంది, ఆకు కింద చుక్కలు ఉండవు. పువ్వు తెలుపు. అయిదు రేకులే అయినా ఒక్కోటి నిలువునా చీలి పదిలా కనిపిస్తుంది. ఇంగ్లండ్, అమెరికాల్లో దీన్ని సలాడ్‌లో తినేవాళ్లున్నారు కనుక అక్కడ ఉన్నవాళ్లకు ఈ తేడా మరీ ముఖ్యం.

విష్ణుక్రాంత: పూజకు వాడే నీలి పువ్వు అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. దాని చుట్టం ఒకటి ఇక్కడ పూల పాదుల్లో అందం కోసం నాటుతారు. విష్ణుక్రాంత ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, జంటలుగా రావు. ఒళ్లంతా నూగు ఉంటుంది. రేకులన్నీ కలిసి పళ్లెంలా ఉంటాయి. నడుమ వంకాయ రంగు వలయం ఉండదు.

తింటే ఏమవుతుంది?

పింపర్నెల్‌లో సాపోనిన్లు ఉన్నాయి. కుంకుడుకాయ నురగ వచ్చేది కూడా సాపోనిన్ల వల్లే, దాన్ని తలకు రుద్దుకుంటాం గానీ తినం కదా. దానికి తోడు కుకుర్బిటాసిన్లు కూడా ఉన్నాయి. చేదు సొరకాయ రసం తాగొద్దని డాక్టర్లు హెచ్చరించేది ఈ జాతి పదార్థాల వల్లే. ఈ మొక్కను ఎక్కువగా మేసిన గొర్రెలు, పశువులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయిన సంఘటనలు ఆస్ట్రేలియా వంటి దేశాల్లో నమోదయ్యాయి. ఒకటి రెండు ఆకులు పొరపాటున కూరలో పడితే ప్రాణం మీదికి వస్తుందని నేను అనడం లేదు. చేదుకు మనమే పక్కన పెట్టేస్తాం. కానీ పప్పులో, చింతపండులో చేదు దాగిపోతుంది. షుగరుకు, కిడ్నీకి మందులు వాడే పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఈ పరీక్ష అవసరమా? కొందరికి ఆకు తగిలితేనే చర్మం దురద పెడుతుంది. పిల్లలు గానీ పెద్దలు గానీ తిని వాంతులు, విరేచనాలు అయితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆ మొక్క రెమ్మ తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. యూఏఈలో అంబులెన్స్ నంబరు 998.

అసలు నికార్సయిన గంగవాయిలే అయినా ఇక్కడి పాదుల్లోది కోయవద్దనే నేను చెబుతాను. దుబాయ్‌లో రోడ్ల పక్కన, పార్కుల్లో పచ్చదనానికి ఎక్కువగా శుద్ధి చేసిన మురుగునీటినే వాడతారు. చెట్లకు అది మంచిదే, పచ్చి ఆకుకూరకు కాదు. పైగా పురుగుమందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. పిన్నిగారికి ఈ మాట చెబితే మొహం చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు ఆ కూర కాడలే నాలుగు తెచ్చి మా ఇద్దరి బాల్కనీల్లో కుండీల్లో గుచ్చాం. కాడ గుచ్చితే బతికే మొక్క అది. కొత్త మట్టిలో, ఇంటి నీళ్లతో పెరిగిన కొత్త చిగుళ్లు నెల తిరిగేసరికి పప్పులోకి వచ్చాయి.

వాదీల్లో, కొండల మీద

చలికాలంలో హట్టా వైపు, హజర్ కొండల వైపు పిక్నిక్‌కు వెళ్తుంటారు కదా. ఏడాది పొడుగునా నీరు పారే వాదీల ఒడ్డున సామోలస్ వాలెరాండి అనే ఇంకో చుట్టం ఉంటుంది. నేలకు ఆనుకుని గరిటె ఆకారపు ఆకులు వలయంగా ఉంటాయి, నడుమ నుంచి సన్నటి కాడ లేచి దాని మీద రెండు, మూడు మిల్లీమీటర్ల తెల్లటి పూలు వరుసగా పూస్తాయి. పైన చెప్పాను చూడండి, పోయిన బయటి వరుస కేసరాలని, వాటి ఆనవాళ్లు ఈ పువ్వులో ఇంకా చిన్న ముళ్లలా మిగిలి ఉంటాయి. ఒమన్‌లో జబల్ అఖ్దర్ ఎత్తుల్లో, నీడ పడే రాతి గోడల్లో డయోనిసియా మీరా అనే పసుపు పూల మొక్క ఉంది. ప్రిమ్యులాకు బాగా దగ్గరిది. అరుదైన మొక్క కాబట్టి చూసి, ఫొటో తీసుకుని వచ్చేయాలి.

ఇక్కడి మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మరిక్ యాంగ్‌బ్లూడ్ రాసిన యూఏఈ అడవి పూల పుస్తకం ఉంది, 2003లో అబుదాబీలో ప్రచురించారు.

మన కోరింగలో, మన మూలికల డబ్బాలో

ఈ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పడవ ఎక్కినవాళ్లు గుగ్గిలం చెట్టును చూసే ఉంటారు. ధూపం వేసే గుగ్గిలం కాదు, ఆ పేరుతోనే అక్కడివాళ్లు పిలిచే మడ చెట్టు. శాస్త్రీయ నామం ఏజిసెరాస్ కార్నిక్యులేటం. తెల్లటి వాసన పూలు గుత్తులుగా పూస్తాయి, కాయ మేక కొమ్ములా వంగి ఉంటుంది, ఆకు మీద ఉప్పు పొడి తేలుతుంది. సుందరవనాల్లో ఎంతో పేరున్న ఖల్సీ తేనె ఈ చెట్టు పూలదే. 2009 వర్గీకరణతో ఇది ప్రిమ్‌రోజ్ కుటుంబంలో చేరింది. మన దుబాయ్ రాస్ అల్ ఖోర్‌లో కొంగల మధ్య కనిపించే మడ చెట్లు మాత్రం వేరే కుటుంబానివి.

అమ్మమ్మల కాలంలో నులిపురుగులకు వాడిన వాయువిడంగాలు కూడా ఈ కుటుంబానివే. మిరియాల్లా కనిపించే ఆ గింజలను మన పిల్లలకు డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

పేరు చూసి మోసపోకండి

మందుల షాపుల్లో ఆడవాళ్ల కోసం అమ్మే ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్ క్యాప్సూళ్లకు ఈ కుటుంబంతో ఏ సంబంధమూ లేదు. ఆ మొక్కకు నాలుగు రేకులు, ఎనిమిది కేసరాలు. కుటుంబమే వేరు. పేరులో ప్రిమ్‌రోజ్ ఉంది కదా అని పార్కులో పూసిన దాన్ని ఇంటికి తెచ్చి మందు అనుకోవద్దు.

చలికాలంలో పూలకుండీల అంగళ్లలో అమ్మే సైక్లమెన్ మాత్రం నిజంగా ఈ కుటుంబమే. రేకులన్నీ వెనక్కి మడిచినట్టు ఉంటాయి. దాని దుంప విషం, పిల్లి ఉన్న ఇంట్లో అందకుండా పెట్టండి. ప్రిమ్యులా ఆబ్కోనికా అనే కుండీ మొక్కలో ప్రిమిన్ అనే పదార్థం ఉంటుంది, ముట్టుకుంటే కొందరికి చేతులు దద్దుర్లు ఎక్కుతాయి.

బ్రిటన్, ఐర్లండ్‌లలో ఉన్నవాళ్లు వసంతంలో పిల్లలతో ఒక పని చేయండి. ప్రిమ్‌రోజ్ పువ్వును పై నుంచి చూడండి. కొన్ని మొక్కల్లో గొట్టం నోటి దగ్గర గుండుసూది తలలాంటి కీలాగ్రం కనిపిస్తుంది, మరికొన్నిట్లో కేసరాలు కనిపిస్తాయి. ఒకే మొక్క మీద రెండు రకాలూ ఉండవు. ఒక రకం పుప్పొడి రెండో రకానికి చేరడానికి ఈ ఏర్పాటని డార్విన్ 1862లోనే వివరించాడు.

ఫొటో తీసేటప్పుడు

యాప్‌లు సాయం చేస్తాయి, కానీ పై నుంచి తీసిన ఒక్క ఫొటోతో పొరబడతాయి. నాలుగు ఫొటోలు తీయండి: పువ్వు ముఖం, పక్క నుంచి కాడతో సహా పువ్వు, ఆకు అడుగు భాగం, కాయ. పక్కన ఒక దిర్హం నాణెం పెడితే సైజు తెలుస్తుంది. మొక్కను పీకాల్సిన అవసరం లేదు. ఏ యాప్ ఎంత నమ్మకంగా చెప్పినా తినడానికి దాన్ని ఆధారం చేసుకోవద్దు.

ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఈ మొక్కలు ఎండిపోతాయి, గింజలు మట్టిలో ఉండిపోతాయి, మళ్లీ చలి మొదలయ్యాక మొలుస్తాయి. ఈసారి ఊరి నుంచి అమ్మో, అత్తయ్యో వచ్చినప్పుడు ఒక పూట పదింటికి కిందికి తీసుకెళ్లి పువ్వు విప్పుకుని ఉండగా చూపించండి. ఆకు తిరగేసి చుక్కలు చూపించండి. ఆ తర్వాత వాళ్లే మనకు తెలియని పది మొక్కల పేర్లు చెబుతారు. వాటిని మాత్రం రాసి పెట్టుకోండి.